పట్టె కింద గీత

ఎవరింటికి వెళ్ళినా ఆయన వెంటనే కూర్చోడు. కూర్చోమన్న కుర్చీ అడుగుకి ముందు చెయ్యి పోనిస్తాడు. అరచెయ్యి పైకి తిరిగి ఉంటుంది, కళ్ళు ఎటో గోడ మీద ఉంటాయి. కూర్చునే చోటు కింద అడ్డంగా ఉండే ముందు పట్టె లోపలి వైపున వేళ్ళు ఈ చివర నుంచి ఆ చివరకి మెల్లగా నడుస్తాయి. అప్పుడు కూర్చుంటాడు. ప్లాస్టిక్ కుర్చీ అయినా అంతే, ఆస్పత్రి బెంచీ అయినా అంతే.

"నన్ను చూడ్డానికి వచ్చి మా ఇంట్లో కుర్చీని చూసి వెళ్ళారు" అంటుంది భార్య. "కుర్చీ నచ్చలేదు కాబట్టి నన్ను చేసుకున్నారు."

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఒక పక్క అద్దాల బీరువా, చివర గోడకి అక్షరాల పటం. వచ్చినవాళ్ళ ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక అద్దం వేసి, అది తీసి ఇంకోటి వేసి, "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడుగుతాడు. కాసేపటికి వాళ్ళకి ఏదీ తెలియకుండా పోతుంది. ఆయన మాత్రం విసుక్కోడు. మళ్ళీ అడుగుతాడు.

ఊళ్ళో ఆయన్ని కుర్చీల డాక్టరు అంటారు.

ఇంటినిండా కుర్చీలే. అన్నీ పాతవి, సముద్రం అవతల నుంచి ఎప్పుడో ఓడల్లో వచ్చినవి. కాళ్ళు జింక కాళ్ళలా వంపు తిరిగి ఉంటాయి. కొన్నిటి ముందు పాదాల దగ్గర గద్ద గోళ్ళు ఒక బంతిని పట్టుకుని ఉంటాయి. వీపు ఆనే చోట ఆల్చిప్పలు, ఆకులు, ముడులు వేసిన రిబ్బన్లు, అన్నీ చెక్కలోనే. గదుల్లో చోటు చాలక ఒకదాని మీద ఒకటి బోర్లించి పెట్టాడు. బీరువాల మీద కూడా కాళ్ళు పైకెత్తుకుని పడుకున్నాయి. వాటి మీద ఎవరూ కూర్చోకూడదు. ఆయనా భార్యా వంటింట్లో రేకు స్టూళ్ళ మీద కూర్చుని తింటారు.

పాత కుర్చీ ఉన్నవాళ్ళు దాన్ని మోసుకుని ఆయన దగ్గరికి వస్తారు. ఇది నిజంగా పాతదేనా, ఫ్రెంచిదా, ఇంగ్లీషుదా, లేక చూసి చేసిందా? ఆయన పైన చెక్కడం చూడడు. అడుగున చెయ్యి పెడతాడు. "పాతదే" అంటాడు. లేదా "కాదు" అంటాడు. అంతకు మించి చెప్పడు. ఆ ఒక్క మాట కోసమే జనం వస్తారు. అది విని కొందరు కుర్చీని పసిపిల్లలా ఎత్తుకుని వెళ్తారు. కొందరు ఈడ్చుకుంటూ వెళ్తారు.

పక్క వీధిలో కుట్టుమిషను మీద బట్టలు కుట్టే పెద్దావిడ ఒకామె అలాగే వచ్చింది. భర్త ఉన్నన్నాళ్ళూ ఆ కుర్చీని తుడుచుకుంటూ బతికాడట. "ఆయన అన్నీ ఎక్కువ చేసి చెప్పేవాడు బాబూ. ఇది కూడా అంతేనేమో చూడు" అంది. చెయ్యి పెట్టి చూసి, "కాదమ్మా, ఈమధ్యదే" అన్నాడు. ఆవిడ తల ఊపింది. కుర్చీని చంకన పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆయన వెతికేది ఒక గీత.

ఆ గీతని చిన్నప్పుడు, అక్క పెళ్ళయి వెళ్ళిన కొత్తలో, నాన్న కుర్చీ కింద దూరి ఆడుకుంటూ కనిపెట్టాడు. నాన్న ఓడల కంపెనీలో గుమాస్తా. విదేశీ మేనేజరు తన దేశానికి వెళ్ళిపోతూ తను కూర్చున్న కుర్చీని నాన్నకి ఇచ్చాడు. దాని ముందు పట్టె లోపలి వైపు చేత్తో చిత్రిక పట్టిన అలలు సన్నగా తగులుతాయి. ఆ అలల మీదుగా, పట్టె పొడుగునా, వెంట్రుకంత మందాన ఉబ్బిన గీత ఒకటి ఉంటుంది. చిత్రిక బ్లేడు ఎక్కడో చిట్లితే అలాంటి గీత పడుతుంది. కంటికి కనబడదు. వేలికే తెలుస్తుంది.

పెద్దయ్యాక బొమ్మల పుస్తకాలు తెప్పించుకుని చదివాడు. ఏ రాజు కాలంలో కాళ్ళు వంగాయో, ఏ కాలంలో నిటారుగా నిలబడ్డాయో నేర్చుకున్నాడు. కాని పైకి కనబడేదాన్ని ఎవరైనా చూసి చెయ్యగలరు, కనబడని చోటుని పనిగట్టుకుని ఎవరూ దొంగిలించరు అనుకున్నాడు. అందుకే అడుగున వెతికాడు. పాత సామాన్ల కొట్లో ఒక కుర్చీ కింద అదే గీత దొరికింది. మూతపడిన హోటలు వేలంలో ఇంకోదాని కింద దొరికింది. సముద్రం అవతల, ఏదో ఒక కార్ఖానాలో, చిట్లిన బ్లేడుని నూరుకోని మొండివాడు ఒకడు ఉండేవాడని ఆయనకి నమ్మకం కుదిరింది. వాడు లావుగా ఉంటాడనీ, ఎవరితోనూ మాట్లాడడనీ కూడా అనుకున్నాడు.

"ఇవాళ మీ మొండాయన ఎక్కడ తగిలాడు?" అని భార్య అడిగేది, ఆయన కొత్త కుర్చీతో గుమ్మంలో కనబడగానే.

ఒకరోజు అక్క వచ్చింది. వెనకాల బండివాడు ఒక కుర్చీ మోసుకొచ్చి హాల్లో దించాడు.

"ఒరే చిన్నోడా, ఇది నీ దగ్గరే ఉండాలి" అంది అక్క, చెమట తుడుచుకుంటూ. "చిన్నింటికి మారుతున్నానని చెప్పానుగా. అక్కడ మంచం వేస్తే తలుపు తెరుచుకోవడం లేదు. దీన్నెక్కడ పెట్టను? అసలుది నీ దగ్గరుండడమే న్యాయం."

"ఏది అసలుది?"

"నాన్న కుర్చీ."

ఆయన లోపలి గది వైపు చూశాడు. నాన్న కుర్చీ అక్కడ, కిటికీ పక్కన, తెల్ల గుడ్డ కప్పుకుని ఉంది.

"నాన్న కుర్చీ నా దగ్గరుందిగా అక్కా."

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. బళ్ళో దెబ్బ తగిలించుకుని వచ్చినప్పుడు అలాగే వేసేది.

"నీ దగ్గరున్నది వడ్రంగి మేస్త్రి చేసిన నకలురా. నేను పెళ్ళయి వెళ్ళిపోయేటప్పుడు నాన్న నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. నీకిచ్చేదే అసలుది, వాడితో అనకు, చిన్నవాడు, ఏడుస్తాడు అన్నాడు. ఇన్నేళ్ళూ నోరు మెదపలేదు. నువ్వు దానికి గుడ్డ కప్పుకుంటుంటే నాకు కడుపు తరుక్కుపోయేది."

నాన్న ఆయన్ని కూడా పక్కకి పిలిచాడు. పెరట్లో, నీళ్ళ కుండీ దగ్గర. నీ దగ్గరుండేదే అసలుది, అక్కతో అనకు, నొచ్చుకుంటుంది అన్నాడు. అక్క ఇంటికి ఎన్నిసార్లు వెళ్ళినా ఆ ఒక్క కుర్చీ కింద మాత్రం చెయ్యి పెట్టలేదు. జాలిపడి పెట్టలేదు.

ఆ సంగతి చెప్పాడు.

అక్క వంటింట్లోంచి రేకు స్టూలు లాక్కొచ్చి కూర్చుంది.

"అయితే ఒకరితో అబద్ధం చెప్పాడన్నమాట" అంది. "ఎవరితో?"

"తెలీదు."

"తెలీదంటే ఎలారా? ఊరందరికీ చెబుతావు. మనింటి కుర్చీ సంగతి చెప్పలేవా? నాకు కుర్చీ అక్కర్లేదు. నాన్న నాతో అబద్ధం చెప్పాడా, నీతో చెప్పాడా, అది తెలియాలి. ఆదివారం వస్తాను. నువ్వు ఏదంటే అదే."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి, "నాకు బాధనిపిస్తుందని మార్చి చెప్పకు" అంది.

అక్క వెళ్ళాక ఆయన రెండు కుర్చీలూ మంచం మీద పక్కపక్కన బోర్లించాడు. ముందు తన కుర్చీ చూశాడు. ముందు పట్టె కింద గీత ఉంది. ఎప్పటిలాగే వేలిని పలకరించింది. తరవాత అక్క కుర్చీ. ముందు పట్టె నున్నగా ఉంది. గీత లేదు.

ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే సిగ్గుపడ్డాడు. అక్కతో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, ఊరికే, చెయ్యి అక్కడే ఉంది కాబట్టి, వెనక పట్టె మీదికి పోనిచ్చాడు. గీత తగిలింది.

చెయ్యి తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టాడు. ఉంది. తన కుర్చీ వెనక పట్టె చూశాడు. ఇన్నేళ్ళలో అటు ఎప్పుడూ చూడలేదు, ముందు పట్టె చాలనుకున్నాడు. అక్కడ నున్నగా ఉంది. ఎడమ పట్టెలు, కుడి పట్టెలు. దీనికి ఉన్నచోట దానికి లేదు, దానికి ఉన్నచోట దీనికి లేదు.

గీత పాత పనివాడిది. రెండిటిలోనూ ఉంది కాబట్టి రెండూ పాతవే కావాలి. అలాగైతే మేస్త్రి చేసింది ఏది? ఇంట్లో ఉన్నది ఒకే కుర్చీ అని అమ్మ చెప్పేది. ఇద్దరూ ఒకేసారి కూర్చోబోయి కొట్టుకునేవాళ్ళనీ, విడదీయలేక చచ్చేదాన్ననీ చెప్పేది. ఆలోచన ఎటు నుంచి మొదలుపెట్టినా తిరిగి మంచం దగ్గరికే వచ్చి ఆగింది.

భార్య గుమ్మానికి ఆనుకుని చూస్తోంది.

"ఇది బాగుందా, ఇందాకటిదా?" అంది.

"రెండూ ఒకేలా ఉన్నాయి."

"అలా అన్నవాళ్ళకి మీరు ఏ అద్దం ఇస్తారు?"

"మొదట వేసింది."

"పాపం జనం" అంది. తరవాత కాస్త మెత్తగా, "ఆ మేస్త్రినే అడగొచ్చుగా. మొన్ననే మీ షాపుకొచ్చి కళ్ళజోడు కాలు బిగించుకు వెళ్ళాడన్నారు" అంది.

నిజమే. చాలా ఏళ్ళుగా మేస్త్రి ఆయన దగ్గరే కళ్ళజోళ్ళు చేయించుకుంటాడు. ఆ మనిషిని కుర్చీల గురించి ఒక్కసారి కూడా అడగలేదు. నకళ్ళు చేసేవాడితో తనకేం పని అనుకున్నాడు.

మేస్త్రి ఇల్లు మూసేసిన సినిమాహాలు వెనక. ఒకటే పొడుగాటి గది. పని మానేసి చాలాకాలమైనా గోడకి రంపాలు వేలాడుతున్నాయి. చెక్కపొట్టు వాసన ఇంకా పోలేదు. మేస్త్రి కిటికీ దగ్గర పేపరు ముక్కుకి ఆనించుకుని చదువుతున్నాడు.

"రా బాబూ, కూర్చో. ఈ అద్దాలతో దూరం బాగానే కనబడుతోంది, దగ్గరే చీకటి."

గోడ వారగా బెంచీ ఉంది. ఆయన చెయ్యి అలవాటుగా దాని కిందికి వెళ్ళింది. కళ్ళు గోడ మీది రంపాల మీద ఉన్నాయి.

వేళ్ళు సగం దారిలో ఆగిపోయాయి.

అలలు ఉన్నాయి. అలల మీద గీత ఉంది.

ఆయన కూర్చోలేదు. వంగి మళ్ళీ చూశాడు. పక్కనున్న బల్ల కింద చెయ్యి పెట్టాడు. గీత. తలుపు వెనక్కి వెళ్ళి అడ్డకర్ర తడిమాడు. గీత. తెలియని ఊళ్ళో అన్ని ఇళ్ళ మీదా తన పేరే రాసి ఉన్నట్టు, ఎటు తిరిగినా అదే.

"ఏం పోయింది బాబూ?" అన్నాడు మేస్త్రి.

"ఏం పోలేదు. ఈ గీత..."

"ఏ గీత?"

ఆయన మేస్త్రి చెయ్యి పట్టుకుని బెంచీ కింద పెట్టాడు. మేస్త్రి తడుముకుని నవ్వాడు. పళ్ళు లేవు.

"ఓ, ఇదా. చిత్రికకి మేకు తగిలి అంచు చిట్లింది. కొన్న కొత్తలోనే. మంచి బ్లేడు ఒకటి వేరే దాచుకున్నాను, పైకి కనబడే వైపు దాంతో లాగేవాణ్ణి. కనబడని వైపు దీంతో కానిచ్చేవాణ్ణి. అక్కడెవడు చూస్తాడు?"

ఆయన బెంచీ మీద కూర్చున్నాడు. "మా నాన్న కుర్చీ గుర్తుందా మేస్త్రిగారూ?" అన్నాడు.

"గుమాస్తాగారిదా. ఎందుకు గుర్తుండదు? అలాంటి పని ఎవరూ చెప్పలేదు నాకు. దీనికి జత చెయ్యమన్నారు. సరే, కొత్తదొకటి చేస్తానన్నాను. వద్దన్నారు. అప్పుడు ఒకరికి అసలుది, ఒకరికి కొత్తది అవుతుంది, ఒకరితో అబద్ధం చెప్పాలి, నావల్ల కాదు అన్నారు. పాతదాన్ని విప్పెయ్, సగం దీంట్లో, సగం దాంట్లో వెయ్, మిగతా సగం నువ్వు చెయ్, ఎవరికి వాళ్ళకి నీదే అసలుది అని చెప్పుకుంటాను, పూర్తి అబద్ధం కాదుగా అన్నారు."

"ఏ ముక్క ఎటు పోయింది?"

"ఏమో బాబూ. అన్నీ నేల మీద పోసుకుని కూర్చాను. కాళ్ళు మాత్రం నేను చెక్కినవి కావనుకుంటాను." కాస్త ఆగాడు. "చెక్కానేమో కూడా. ఒక రెండు చెక్కి ఉంటాను."

"పాత సామాన్ల కొట్టుకి కూడా మీరు చేసేవారా?"

"చెయ్యలేదు, బాగుచేశాను. కాలు విరిగిందని కుర్చీ తెస్తే కాలు వేసిచ్చాను. కాలొక్కటే మిగిలిందని తెస్తే దానికి కుర్చీ వేసిచ్చాను."

"అప్పుడది పాతదా, కొత్తదా?"

మేస్త్రి ఆలోచించాడు.

"కాలు పాతదే" అన్నాడు చివరికి. "నావి మీ ఇంట్లో ఉన్నాయా ఏంటి?"

"ఉన్నాయి."

"ఊగడం లేదుగా?"

"లేదు."

మేస్త్రి మొహం వెలిగింది. "మరింకేం" అని పేపరు మళ్ళీ ముక్కుకి ఆనించుకున్నాడు.

ఇంటికి వచ్చి ఆయన ఒక్కో కుర్చీనీ దించి తడిమాడు. గీత ఉందని కొన్నవే అన్నీ. అన్నీ ఒకే కార్ఖానా నుంచి వచ్చాయని భార్యతో ఎన్నిసార్లో చెప్పాడు. అది నిజమే. ఆ కార్ఖానా సినిమాహాలు వెనక ఉంది. లావుగా, ఎవరితోనూ మాట్లాడని ఆ మొండివాడి కోసం వెతుక్కుంటే ఇప్పుడు వాడి ముఖం కనబడలేదు. ఆ చోట మేస్త్రి బోసినోరు కనబడింది. కోపం తెచ్చుకుందామనుకున్నాడు. ఎవరి మీద తెచ్చుకోవాలో పాలుపోలేదు.

ఆదివారం అక్క వచ్చింది. ఆయన దాచకుండా చెప్పాడు. అక్క మధ్యలో అడ్డుపడకుండా విన్నది. విని, నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఇద్దరితోనూ సగమే అబద్ధం చెప్పాడన్నమాట. నాన్న అంతే, కూరగాయలవాడితో కూడా పూర్తిగా పోట్లాడేవాడు కాదు."

అక్క మనసు కుదుటపడింది. ఆయన మాత్రం అలాగే నిలబడి ఉన్నాడు.

"నీ మొహమేంట్రా అలా ఉంది? నీది నకలు కాదని తేలిందిగా."

"గీత ఉన్నదే కొత్తదక్కా. నేను గీత ఉంటే పాతదన్నాను. లేకపోతే కాదన్నాను. చిన్నప్పటి నుంచీ తప్పు చోట చెయ్యి పెట్టి నేర్చుకున్నాను."

"అయితే ఇప్పటి నుంచి తిరగేసి చెప్పు. గీత ఉంటే కొత్తది, లేకపోతే పాతది."

"అలా కాదు. గీత లేనివి కొత్తవి కూడా ఉంటాయి. ఆ బ్లేడు మేస్త్రి ఒక్కడిదే కదా. గీత ఉన్నదాంట్లో కాలు పాతది కావచ్చు. అసలు ఏది చూసి చెప్పాలో..."

"నాకు తలనొప్పి వస్తోంది" అంది అక్క. లేచి వెళ్ళి, కిటికీ పక్కనున్న ఆయన కుర్చీ మీది తెల్ల గుడ్డ లాగేసి, మడిచి మంచం మీద పెట్టింది. "ఈసారి దీన్ని పట్టుకెళ్తాను. నాది నువ్వుంచుకో. రెండో సగం మీద కూడా కూర్చోవాలిగా."

"తలుపు తెరుచుకోదన్నావు."

"సగం తెరుచుకుంటుంది. నేనేమన్నా ఏనుగునా?"

ఆమె కుర్చీని బండివాడితో మోయించుకుని వెళ్ళిపోయింది. కిటికీ పక్క చోటు ఖాళీ అయింది. భార్య అక్క కుర్చీని తెచ్చి అక్కడ పెట్టింది. కప్పడానికి గుడ్డ అందుకోబోయి, ఆయన వైపు చూసింది. గుడ్డ మంచం మీదే వదిలేసి, వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది.

"బాగుంది" అంది. "వీపుకి హాయిగా ఉంది."

ఆయన వినలేదు. కుట్టుమిషనావిడ కుర్చీ కింద తన వేళ్ళకి తగిలిందేమిటో గుర్తుచేసుకుంటున్నాడు. గీత లేదు. అడ్డంగా, ఎగుడుదిగుడుగా, రంపపు గాట్లు మాత్రం ఉన్నాయి. యంత్రాలు రాకముందు చేత్తో కోసిన చెక్కకే అలాంటి గాట్లు ఉంటాయని పుస్తకాల్లో ఎక్కడో చదివాడు. చదివి కూడా గీత లేదని కాదన్నాడు.

మర్నాడు పొద్దున్న షాపు తెరవలేదు. పక్క వీధికి వెళ్ళాడు.

కుట్టుమిషనావిడ తలుపు బార్లా తెరిచి ఉంది. గాలికి కొట్టుకోకుండా కింద ఒక చెక్కముక్క అడ్డం పెట్టి ఉంది. గుమ్మం దాటబోతూ దాన్ని చూశాడు. గద్ద గోళ్ళు. గోళ్ళ మధ్య బంతి.

లోపల మిషను చప్పుడు ఆగింది.

"ఎవరూ? డాక్టరుగారా. రా బాబూ."

ఆవిడ మిషను ముందు ఆ కుర్చీలోనే కూర్చుని ఉంది. వెనక చెక్కడం అలాగే ఉంది. కాళ్ళే పొట్టివయ్యాయి.

"కొత్తదేనన్నావుగా" అంది, ఆయన చూపు చూసి. "మిషనుకి ఎత్తు ఎక్కువైందని కోయించాను. ఇప్పుడు నడుం నొప్పి లేదు."

ఆవిడ లేచి కుర్చీని ఆయన వైపు జరిపింది. ఆయన చెయ్యి కిందికి పోనిచ్చాడు. గాట్లు ఉన్నాయి. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళాడు. తిరిగి వచ్చాడు.

"ఏంటి బాబూ, ఇప్పుడు పాతదైందా?"

"తెలీదమ్మా" అన్నాడు. ఆ మాట ఎవరి కుర్చీ ముందూ అనలేదు ఇంతవరకూ.

గుమ్మం దగ్గరికి వెళ్ళి చెక్కముక్క తీశాడు. తలుపు గాలికి దానంతట అదే మూసుకుంది. ముక్కని తెచ్చి, కింద చతికిలబడి, ముందు కాలికి ఆనించి పట్టుకున్నాడు. కోసిన చోటు అతుక్కున్నట్టే ఉంది.

"రెండోది ఎక్కడుందమ్మా?"

"ఇక్కడే ఎక్కడో ఉండాలి. బీరువా కిందికి దొర్లిందేమో."

ఆయన నేల మీద బోర్లా పడుకుని బీరువా కిందికి చెయ్యి పోనిచ్చాడు. అరచెయ్యి పైకి, కళ్ళు ఎటో గోడ మీద. వేళ్ళకి ఏదో తగిలింది. బయటికి తీశాడు. దారం ఉండ.

దాన్ని పక్కన పెట్టి, మళ్ళీ చెయ్యి పోనిచ్చాడు.